మూడు బీములూ నడిమికే విరిగాయి

అది 2022 ఎండాకాలం. పాల్వంచ నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో, సివిల్ డిపార్ట్‌మెంటు కాంక్రీట్ ల్యాబులో నేను అటెండర్‌ను. పేరుకే అటెండర్. కంకర జల్లించడం, సిమెంటు కలపడం, అచ్చుల్లో పోయడం, మర్నాడు అచ్చులు విప్పడం, నీళ్ల తొట్లో నానబెట్టడం, విరిగిన ముక్కలు మోసుకెళ్లి వెనకాల పారేయడం, అన్నీ నేనే. పిల్లలు వస్తారు, రీడింగు రాసుకుంటారు, పోతారు. చేతికి కాస్త సిమెంటు అంటితే పాము పాకినట్టు దులుపుకుంటారు.

నా పేరు రూతమ్మ. చదివింది మూడో తరగతి. సంతకం పెడతాను, అంకెలు చదువుతాను, మిగతాది నోటితో చెబితే ఎవరైనా రాయాలి. కాంక్రీటు మాత్రం ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. మా ఆయన యాకోబు మేస్త్రీ. పెళ్లయిన వారం నుంచీ ఆయన వెనక గమేళా మోశాను. కామెర్లతో ఆయన పోయాక, ఆయన పనితనం తెలిసిన ఒక కాంట్రాక్టరు చెబితే ఈ కాలేజీలో పెట్టుకున్నారు. పర్మనెంటు ఏమీ కాదు. ఏటా జూన్‌లో హెచ్‌ఓడీ సారు, అంటే మా డిపార్ట్‌మెంటు పెద్ద, ఒక కాగితం మీద సంతకం పెడితే ఇంకో ఏడాది ఉంటాను. పెట్టకపోతే హాస్టల్లో గిన్నెలు తోమాలి, అదీ అక్కడ ఖాళీ ఉంటేనే.

మా ల్యాబులో నరేందర్ సారని ఒకాయన పిల్లలకు పాఠాలు చెబుతూనే పీహెచ్‌డీ చేసేవారు. ఆయన చదువంతా పగుళ్ల మీద. ఒక దిమ్మ మీద బరువు పెడితే పగులు ఎక్కడ పుడుతుంది, ఎటు పాకుతుంది అన్నది కంప్యూటర్ ముందే చెప్పాలట. పగులు రాకుండా చూసుకోవడంలోనే మా ఆయన జన్మంతా గడిచిపోయింది, ఈయన ఇంత చదువు చదివి పగుళ్లు పుట్టిస్తున్నాడేమిటని నాకు మొదటి రోజు నుంచీ చిరాకే.

ఒకరోజు కరెంటు పోయి ఆయన కంప్యూటర్ ఆగిపోయింది. ఊరికే కూర్చోలేక నాకు పాఠం మొదలుపెట్టారు.

"పాత పద్ధతిల దిమ్మ మొత్తం మీద వల పరిచినట్టు గీస్తరు రూతమ్మా. దాన్ని మెష్ అంటరు. లెక్కంత ఆ వల గళ్లల్లనే. పగులు పాకాల్నంటే గడి అంచు పట్టుకొనే పోవాలె. ఇంకో దిక్కు పోతనంటే ఆ వల కోయాలె, మళ్ల అల్లాలె. అడుగడుక్కి కోసుడు, అల్లుడు."

"మరి మీరేం జేస్తరు సారూ?"

"నేను వలనే తీసేసిన. ఉత్త చుక్కలే. ఒక్కో చుక్క చుట్టు ఒక గిరి ఉంటది. ఆ గిరిలోపల ఉన్న చుక్కలతోనే దానికి సంబంధం. దీన్ని మెష్‌ఫ్రీ అంటరు. వల లేదు గాబట్టి పగులు ఎటు పోతనంటే అటు పోనియ్యొచ్చు."

మాది టేకులపల్లి వైపు అడవి పక్క ఊరు. చిన్నప్పుడు తునికాకు కోసి, కట్టలు కట్టి, కల్లంలో వరసగా ఎండబెట్టేవాళ్లం. కట్టకూ కట్టకూ మధ్య తాడు ఉండదు. అయినా ఒక కట్ట కింద చెమ్మ చేరితే చుట్టూ ఉన్న నాలుగు కట్టలకు అది పాకుతుంది. అవతలి చివర ఉన్న కట్టకు ఏమీ కాదు. అట్లాగేనా అని అడిగాను. "అవ్, గట్లనే" అన్నారు సారు. ఇంత మాత్రానికి అన్నేళ్ల చదువెందుకో అనుకున్నాను గానీ బయటికి అనలేదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఆ గంటసేపు ఆయన చెప్పినదాంతో ఆ రోజు నాకు ఏ పనీ లేదు. నాకు ఏది కావాలో అది మాత్రం ఆయన చెప్పలేదు. చదువుకున్నవాళ్లతో నాకున్న తంటా ఇదే. అక్కర్లేనిది విడమరిచి చెబుతారు, అక్కరకొచ్చేది నీకు తెలిసే ఉంటుందిలే అనుకుంటారు.

మార్చిలో మూడు బీములు పోయమన్నారు. బీము అంటే దూలమే. కానీ ఇవి పరీక్ష కోసం పోసే చిన్నవి. మూరెడు పొడవు, అరజానెడు మందం, లోపల ఇనుము ఉండదు. అడుగు వైపు, ఎడమ కొసకూ నడిమికీ మధ్యలో, అచ్చులో ఒక సన్నటి ఇనుప రేకు నిలబెట్టి కాంక్రీటు పోయాలి. మర్నాడు రేకు లాగేస్తే అక్కడ ఒక గాటు మిగులుతుంది. ఇంజనీర్లు దాన్ని నాచ్ అంటారు.

"రేకు పెట్టు, పొయ్యి, తెల్లారి రేకు పీకు" అన్నారు సారు. ఎందుకో చెప్పలేదు. యూనివర్సిటీలో తనకు దారి చూపించే ప్రొఫెసర్ మేడం పిలిచారని ఆ సాయంత్రమే హైదరాబాదు వెళ్లిపోయారు.

తెల్లారి అచ్చులు విప్పాను. రేకులు రావు. వాటికి గ్రీజు రాయమని ఆయన చెప్పలేదు, నాకూ తట్టలేదు. కటింగ్ ప్లేయరుతో పట్టి లాగితే మూడింటికీ గాటు అంచులు రాలాయి. చిక్కుడు గింజలంత పెళ్లలు ఊడి చేతిలోకి వచ్చాయి. చూడటానికి అసహ్యంగా ఉంది.

ఇళ్లు కట్టే చోట పని చేసినవాళ్లకు ఇది తెలుసు. సెంట్రింగు విప్పినప్పుడు ఎక్కడో ఒకచోట మూల రాలుతుంది, కంకర బయటికి తేలుతుంది. ఇంజనీరు వచ్చేలోపు సిమెంటు పాలు పూసేయడం మామూలు. సిమెంటు పాలంటే ఇసుక లేకుండా ఉత్త సిమెంటును నీళ్లలో చిక్కగా కలిపింది. దాన్ని పూసి, తాపీతో నునుపు చేసి, తడిగుడ్డతో తుడిస్తే దెబ్బ తగిలినట్టే ఉండదు. రాలిన మూల పెద్దసారు కంటబడితే ఆ మేస్త్రీ పేరు పోయినట్టే. ఇరవై ఏళ్లు నేను చేసిన పని ఇదే. ఆ పొద్దున కూడా అదే చేశాను. రాలిన అంచులు కట్టాను, గాటులోకి కూడా వేలితో నొక్కి నొక్కి నింపాను. మూడూ అద్దంలా తయారయ్యాయి. తీసుకెళ్లి నీళ్ల తొట్లో వేశాను. ఇరవై ఎనిమిది రోజులు నానాలి.

నానడం అయ్యాక బీములకు సున్నం కొట్టాలి. తెల్లటి దాని మీద పగులు వెంట్రుకంత ఉన్నా కనిపిస్తుంది. ఆ పొద్దున సారు క్లాసులో ఉండి ఫోన్ చేశారు.

"సున్నం గొట్టినంక, గాటు ఉన్నకాడ నల్ల స్కెచ్చుతోని గీత గీయి రూతమ్మా. ఫోటోల కనబడాలె."

సరేనని గాటు ఉండే చోట మూడింటికీ నల్లగీత గీశాను. గాటు పూడ్చానని చెప్పాలనే ఆలోచనే నాకు రాలేదు. మూల సరిచేసిన మేస్త్రీ పనిగట్టుకుని ఇంజనీరుకు చెబుతాడా?

మధ్యాహ్నం బీములను లోడింగ్ ఫ్రేము ఎక్కించాం. అదొక ఇనుప చట్రం. బీము రెండు కొసల కింద రెండు రోలర్లు, పైన నడిమి మీద ఒక రోలరు. చేతి పంపు కొట్టే కొద్దీ పై రోలరు కిందికి నొక్కుతుంది. ఆ పంపు ఆయిలు కారుతుంది, ఎన్నిసార్లు చెప్పినా బాగు చేయించరు, నేల తుడవాల్సింది నేను. సరే, నొక్కారు. మొదటి బీము సరిగ్గా నడిమికి టప్పుమని విరిగింది. రెండోదీ నడిమికే. మూడోదీ నడిమికే. నల్లగీత పక్కన ఎక్కడా ఈగ వాలినంత గుర్తు కూడా లేదు.

సారు ఎగిరి గంతేసినంత పని చేశారు. కంప్యూటర్ ఇటు తిప్పి నాకు చూపించారు. తెర మీద బీము బొమ్మ, దాని నడిమిలో ఎర్రటి గీత.

"చూసినవా, నేను చెప్పినకాడనే విరిగినయి."

"మరి ఆ గాటు ఎందుకు పెట్టినట్టు సారూ?" అని అడిగాను. నిజంగానే అడిగాను, తెలియక. "అది ఉన్నా లేకున్నా ఒకటేనాయె."

"అది నడిమికి దూరం ఉన్నది గదమ్మా. ఆడ బలం చాలలే" అన్నారు. ఎంత తేలికగా అన్నారో. నా ప్రశ్న అక్కడితో పోయింది. హెచ్‌ఓడీ సారు స్వీట్లు తెప్పించారు. "రూతమ్మ చెయ్యి మంచిది" అని ఒక కాజా నా చేతిలో పెట్టారు. ఫోటోలు, లెక్కలు ఆ సాయంత్రమే హైదరాబాదు మేడంకు వెళ్లాయి.

మేడం బాగుంది అన్నారట. కానీ గాటు ఇంకొంచెం లోతు చేసి మళ్లీ మూడు పోయండి, అప్పుడు నమ్ముతాను అన్నారట. ఏప్రిల్ నడిమిలో పోశాం. ఈసారి విప్పేటప్పుడు సారు దగ్గరే ఉన్నారు. రేకులకు ముందే గ్రీజు రాయించారు. మెల్లగా ఆయనే లాగారు. అంచు చెదరలేదు. తర్వాత జేబులోంచి పళ్లు తోముకునే బ్రష్షు తీసి గాటు లోపల తోమడం మొదలుపెట్టారు.

"గంత ఎందుకు సారూ?" అన్నాను.

"ఇసుక రేణువు గూడ ఉండొద్దు రూతమ్మా. గాటు ఖాళీగ ఉంటేనే గాటు. లోపల ఏదన్న ఇరుక్కుంటే పరీక్షంత ఖరాబే."

నా చేతిలో బకెట్టు ఉంది. దాన్ని కింద పెట్టడం కూడా మరిచిపోయాను.

"ఏమైంది, గట్ల నిలబడ్డవు?"

"ఏం లేదు సారూ. ఎండ."

పోయిన నెలలో చెప్పాల్సిన మాట కదా ఇది. రేకు పెట్టమన్న రోజున ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే నా వేలు ఆ గాటులోకి వెళ్లేదా? ఆయన మీద కోపం వచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది. చెబుదామని రెండుసార్లు ఆయన గది దాకా వెళ్లాను. ఒకసారి ఫోన్‌లో ఉన్నారు. రెండోసారి ఖాళీగానే ఉన్నారు, నేనే వెనక్కి వచ్చాను. సరిపోయింది కదా, అందరూ సంతోషంగా ఉన్నారు కదా, పైగా జూన్ దగ్గర పడుతోంది. ఆ ఇరవై ఎనిమిది రోజులూ నీళ్ల తొట్టి పక్కకు వెళ్లినప్పుడల్లా ఇదే ఆలోచన. ఆదివారం చర్చిలో మోకరించినా కళ్ల ముందు సిమెంటు పాలే.

మే నెలలో రెండో విడత పరీక్ష. మొదటి బీము నొక్కుతుంటే గాటు కొనలో సన్నటి గీత పుట్టింది. అది పైకి పాకుతూ, పైనున్న రోలరు వైపు వంకర తిరిగింది. తర్వాత విరిగింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. కంప్యూటర్ తెర మీద మాత్రం ఎర్రగీత నడిమిలోనే ఉంది, కదలదు.

సారు కుర్చీలో కూలబడ్డారు. హెచ్‌ఓడీ సారు వచ్చి చూశారు.

"పోయినసారి మంచిగ కలిసె గద. ఈసారి మూడు మూడు గిట్లెందుకైనయి?"

"అర్థమైతలేదు సార్" అన్నారు నరేందర్ సారు.

"అర్థం గానిదేముంది? గాటు పక్కన కాంక్రీటు గట్టిగ కూరలే. ఆడ బోలు ఉన్నది, ఆడ్నే విరిగింది. కూరింది రూతమ్మనే గద."

"పొరపొరకు కడ్డీతోని ఇరవై ఐదు పోట్లు లెక్కబెట్టి పొడిచిన సారూ" అన్నాను.

"లెక్కబెట్టిన పని గిట్లుంటదా? చూడమ్మా, నీక్కూడ వయసు మీద పడ్డది. జూన్ల ల్యాబుకు వేరేటోళ్లను చూస్తం. నువ్వు హాస్టల్ల సర్దుకో."

నరేందర్ సారు నేల చూశారు. హెచ్‌ఓడీ సారు మాట కన్నా అదే నాకు ఎక్కువ మండింది. విరిగిన ముక్క ఎత్తి చూస్తే చాలు, బోలు ఉందో లేదో గుడ్డివాడికైనా చేతికి తెలుస్తుంది. ఇద్దరిలో ఒక్కరూ ముక్క ఎత్తలేదు. తెర చూశారు, నన్ను చూశారు, తీర్పు చెప్పారు.

నేను వెనకాల ముక్కలు పారేసే చోటుకు వెళ్లి నీడలో కూర్చున్నాను. ఇప్పుడు నోరు విప్పితే నా తప్పు నేనే చెప్పుకున్నట్టు, ల్యాబు నుంచి పోతాను. విప్పకపోయినా పోతాను. రెండు దారులూ హాస్టల్ గిన్నెల దగ్గరికే. కానీ ఒకటి మాత్రం మింగుడు పడలేదు. మొదటి మూడు బీములు నేను పాడు చేసినవి, వాటికి కాజాలు పంచారు. తర్వాతి మూడు నా జన్మలో పోసినవాటిలో మంచివి, వాటికి చెడ్డపేరు. ఇదెక్కడి న్యాయం?

అక్కడే కుప్పలో మార్చి నాటి ముక్కలు కనబడ్డాయి. ఎండకు సున్నం పెచ్చులూడినా నల్లగీత ఇంకా ఉంది. ఒక ముక్క ఎత్తి చంకన పెట్టుకుని నేరుగా నరేందర్ సారు గదిలోకి వెళ్లి, ఆయన కాగితాల మీద దభీమని పెట్టాను.

"ఏందిది రూతమ్మా, టేబుల్ మీద?"

"మార్చిల పోసిన బీము సారూ. ఈ గాటుల హాక్సా బ్లేడు పెట్టుండ్రి." ఇనుము కోసే రంపపు పలక నా చేతిలోనే ఉంది, అందించాను.

ఆయన విసుగ్గానే తీసుకుని నల్లగీత మీద పెట్టి నొక్కారు. దిగలేదు. అటు తిప్పి ఇటు తిప్పి నొక్కారు. దిగలేదు. అప్పుడు పలక అంచుతో సున్నం గీకారు. కింద నున్నటి సిమెంటు బయటపడింది.

"ఇదేంది?"

"నేను పూడ్చిన. అంచు రాలితే సిమెంటు పాలు పూసిన. మీరు చూస్తే బాగుండదని."

"ఒక్కటేనా?"

"మూడు."

ఆయన పలక పక్కన పెట్టారు. "ఎందుకు చెప్పలే?" అని మెల్లగా అడిగారు.

"ఆ రేకు ఎందుకో మీరు చెప్పలే, నేనేం జేసిననో నేను చెప్పలే. బ్రష్షు పెట్టి తోమిన్నాడు తెలిసింది నాకు. అప్పుడన్న చెప్పాలె. భయపడ్డ. అది నా తప్పే."

"ఫోటోలు పంపిన గద మేడంకు. సరిపోయిందని రాసిన గద." తల పట్టుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "ఈ ముక్క ఎనకకు తీస్కపో రూతమ్మా. ఇప్పటికి ఎవరికీ చెప్పకు. హెచ్‌ఓడీ సార్‌తోని నేను మాట్లాడ్త, నీ సంతకం సంగతి."

నా సంతకం సంగతి. ఒళ్లు మండిపోయింది.

"తీస్కపోను సారూ. సంతకం పెట్టకుంటే పెట్టకపోనియ్యిండ్రి. గా మూడు బీములు బోలుగ పోసినవని రాస్తే మాత్రం ఊకోను. అవి మంచియి. ఎత్తి చూడుండ్రి ముందు." ఊపిరి తీసుకుని, అంతసేపూ బయట కూర్చుని ఆలోచించిన మాట కూడా అనేశాను. "నేను పూడ్చిన బీములు నడిమికి విరిగినయి. పూడ్చనియి గాటుకాడ విరిగినయి. మీ కంప్యూటరేమో రెండుసార్లు నడిమికే అన్నది. అంటే మీ కంప్యూటర్ల గూడ ఎవరో గాటు పూడ్చిండ్రు. నేనైతే కాదు."

ఆయన లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు. బీము బొమ్మను పెద్దది చేస్తూ పోతే అది చుక్కలు చుక్కలుగా విడిపోయింది. గాటు పక్కనున్న ఒక చుక్క మీద నొక్కితే దాని చుట్టూ గిరి వచ్చింది. ఆ గిరి గాటు మీదుగా దాటి అవతలి వైపు నాలుగైదు చుక్కలను కూడా లోపల వేసుకుంది.

నేనే అడిగాను.

"ఇవతలి చుక్కకు అవతలి చుక్కతోని ఏం పని సారూ, నడుమ గాటు ఉండంగ?"

"ఉండొద్దు. గాటు అవతల ఉన్నది దీనికి కనబడొద్దు. పగులు పాకేటప్పుడు అట్ల అడ్డం పెట్టుమని రాసిన. మొదట ఉన్న గాటుకు పెట్టుమని రాయలే." తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంది.

"రెండిండ్ల నడుమ గోడ లేచినంక గిన్నెలు ఇచ్చిపుచ్చుకుంటరా?"

"అవ్. నేను గోడ మరిచిపోయిన."

గాటుకు ఆ వైపున్న చుక్కలూ ఈ వైపున్న చుక్కలూ చేతులు పట్టుకునే ఉన్నాయన్నమాట. అట్లా పట్టుకుంటే అక్కడ గాటు లేనట్టే. నేను సిమెంటు పాలతో చేసిన పనే ఆయన మరిచిపోవడంతో చేశారు. దాన్ని సరిచేసి మళ్లీ నడిపిస్తే, ఫ్యాను కూడా వేడిగాలే కొట్టే ఆ గదిలో సాయంత్రం దాకా పట్టింది. చివరికి ఎర్రగీత గాటు కొనలో పుట్టి, వంకర తిరిగి, పై రోలరు వైపు పాకింది. సారు బయటికి వెళ్లి మే నెల బీము ముక్కను స్వయంగా మోసుకొచ్చి తెర పక్కన పెట్టారు. అప్పుడు ఎత్తారు ముక్క.

సంతోషం కనబడలేదు ఆయన మొహంలో. మేడంకు చెప్పాలి కదా. ఫోన్ స్పీకర్‌లో పెట్టారు.

"మార్చి బీముల్లో నాచ్ మూసుకుపోయి ఉంది మేడం."

"మూసుకుపోయిందా, ఎవరైనా మూశారా?"

ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో అడగడం ఉందో, బతిమాలడం ఉందో నాకు తెలియదు. నేనే ముందుకు జరిగాను.

"నేనే మేడం. రూతమ్మను, అటెండర్ను."

"దేనితో మూశావమ్మా?"

"సిమెంటు పాలతోని."

"అచ్చు విప్పిన ఎంతసేపటికి?"

"విప్పంగనే. ఎంబడే తొట్లేసిన, ఇరవై ఎనిమిది రోజులు నాన్నది."

"మొత్తం లోతు నిండిందా, పైపైనేనా?"

"నిండేదాంక నొక్కిన మేడం."

అన్ని రోజుల్లో నన్ను సరైన ప్రశ్నలు అడిగిన మనిషి ఆమె ఒక్కతే. తిట్టలేదు, జాలి చూపించలేదు. ముక్కలు ఉన్నాయా అని అడిగారు, ఉన్నాయన్నాను. పారేయొద్దు అన్నారు. తర్వాత సారుతో మాట్లాడారు.

"నరేందర్, ఆ మూడింటినీ నాచ్ పూడ్చిన బీములనే రాయి. ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో అది కూడా రాయి, దాచొద్దు. ముందు పంపినది వెనక్కి తీసుకుంటున్నానని ఇవాళే మెయిల్ పెట్టు. మళ్లీ పోయించు. ఇంకో ఆరునెలలు పడుతుంది, పట్టనీ."

సారు సరే మేడం, సరే మేడం అంటూనే ఉన్నారు. ఫోన్ పెట్టాక హెచ్‌ఓడీ సారు గదికి ఇద్దరం వెళ్లాం. బోలు లేదని, తప్పు ప్రోగ్రాముదని, మొదటి బీములు పూడ్చింది నేనని, వరసగా అన్నీ నరేందర్ సారే చెప్పారు. ఈసారి నేల చూడలేదు. అది ఒప్పుకోవాలి.

హెచ్‌ఓడీ సారు మాత్రం నా దగ్గర ఆ బోలు మాట వెనక్కి తీసుకోలేదు. జూన్‌లో కాగితం ముందు పెట్టుకుని కలం తిప్పుతూ కూర్చున్నారు.

"ఇకమీదట ఏం చేసినా చేసే ముందట అడుగు."

"అడుగుత సారూ. మీరు గూడ చేపిచ్చే ముందట ఎందుకో చెప్పుండ్రి."

ఎగాదిగా చూశారు. సంతకం పెట్టారు. మర్నాడు ల్యాబు గోడ మీద ఒక కాగితం అంటించారు. కూడబలుక్కుని చదివాను: నమూనాలకు ఎవరూ సిమెంటు పూయరాదు. ప్రోగ్రాములో గాటు మరిచిపోరాదు అని మాత్రం ఎక్కడా అంటించలేదు.

అప్పటి నుంచి నరేందర్ సారు ప్రతి చిన్న పనికీ కారణం చెబుతారు. చీపురు ఎందుకు అటు వైపు నుంచి ఊడవాలో కూడా చెబుతారు. అదొక కొత్త బాధ. కానీ ఒద్దు అనలేను, అడిగింది నేనే.

ఈ పనిలో ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది ఒక్కటి. లెక్క తప్పిన రోజు అందరి చూపూ నా మీదికే వచ్చింది. గట్టిగా కూరలేదు, లెక్కబెట్టలేదు, వయసు మీద పడింది అని తప్పులు వెతికారు. లెక్క కలిసిన రోజు నన్ను ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ రోజు ఎవరైనా వంగి ఆ గాటులో వేలు పెట్టి చూసి ఉంటే మూడు నెలల పని మిగిలేది. తప్పు ఎప్పుడూ తప్పులాగా కనిపించదు. సున్నం కొట్టుకుని, నల్లగీత గీయించుకుని, అందరికీ నచ్చినట్టుగా నిలబడి ఉంటుంది.

వానలు పడ్డాక మళ్లీ మూడు బీములు పోశాం, పరీక్ష పెట్టాం. మూడూ గాటు కొనలోంచే పగిలాయి, కంప్యూటర్ కూడా అక్కడే గీసింది. సారు నిట్టూర్చి లాప్‌టాప్ మూస్తూ, "పా రూతమ్మా, అన్నం తిందాం" అన్నారు.

"ఆగుండ్రి సారూ. ముక్కలు చూడలే, చుక్కలు చూడలే. అన్ని చూసినంక పోదాం."

"సరిపోయింది గదమ్మా, ఇంకేంది?"

"సరిపోయింది గాబట్టే."

ఆయన నన్ను ఒకసారి చూసి, విసుక్కుంటూనే చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆయిలు కారిన ఆ నేల మీద మోకాళ్ల మీద కూర్చుని మొదటి ముక్క ఎత్తారు. ఆ రోజు మేం అన్నం తినేసరికి మూడు దాటింది.